గాంధీనగరం లాడ్జి, రీళ్ల పెట్టెలు, మా మావయ్య

బెజవాడ సినిమాల గురించి ఎవరు కదిపినా మాట హాళ్ల మీదకే పోతుంది. 1921లో మొదలైన మారుతి సినిమా హాలు దగ్గర్నుంచి దుర్గా కళామందిరం, లక్ష్మీ టాకీస్, లీలామహల్, అలంకార్, ఊర్వశి, అప్సర, నవరంగ్ దాకా ఒక్కోదాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏ బొమ్మ ఏ హాల్లో వందరోజులు ఆడిందో తడుముకోకుండా చెబుతారు. చెప్పాలి కూడా. కానీ ఆ బొమ్మల్ని రేకు పెట్టెల్లో వేసుకుని కైకలూరుకీ తిరువూరుకీ రేపల్లెకీ మోసుకెళ్లి, ఆడించి, వచ్చిన డబ్బుకి పైసలతో సహా లెక్క తెచ్చి అప్పజెప్పిన మనుషుల ఊసు మాత్రం పెద్దగా వినపడదు. వాళ్లు బెజవాడ వస్తే ఎక్కడ దిగేవాళ్లు, జీతం అందని నెలలో ఎవరు ఆదుకునేవాళ్లు అన్నవి అసలే వినపడవు. నాకు తెలిసింది ఒక్క లాడ్జి. దాని గురించి రాస్తాను. పేరు రాయను, నడుపుతున్నవాళ్లని నేను అడగలేదు గనక. గాంధీనగరంలో తిరిగినవాళ్లు పోల్చుకుంటే పోల్చుకోనీండి.

అలంకార్ సెంటరుకి పెద్ద దూరం కాదు. స్టేషన్లో దిగి పెట్టె చేత్తో పట్టుకుని నడిచి రావొచ్చు. అదే దాని అదృష్టం. మూడంతస్తుల మేడ. కింద వీధి వైపు సోడా కొట్టు, పక్కన మెట్లు, మెట్ల మొదట్లో కౌంటరు. లోపల నడిమధ్య ఆకాశం కనపడేలా ఖాళీ వదిలి, దాని చుట్టూ వరండాలు, వరండాల వెంబడి గదులు. నేలంతా ఎరుపూ పసుపూ గళ్ల బిళ్లలు. తలుపుల పైన అర్ధచంద్రాకారపు రంగు అద్దాలు. నేను చిన్నప్పుడు చూసేనాటికే వాటిలో కొన్ని పగిలిపోయి, ఆ చోట అట్టముక్కలు బిగించి ఉండేవి. గదికి ఒక ఇనప మంచం, బల్ల, కూజా, గోడకి చెక్క కొక్కేల పలక. నీళ్లు పొద్దున్నే వచ్చేవి. రూమ్ బాయ్ ఇత్తడి బిందెతో గదిగదికీ పోసి వెళ్లేవాడు.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేసేవాడు. ఆ రోజుల్లో గాంధీనగరం అంటే సినిమా ఆఫీసులే. నవయుగ లాంటి పెద్ద సంస్థల దగ్గర్నుంచి ఒకే గదిలో ఒకే గుమాస్తాతో నడిచే ఆఫీసుల దాకా అన్నీ ఆ నాలుగు వీధుల్లోనే. బొమ్మ మద్రాసులో తయారవుతుంది, వ్యాపారం మాత్రం ఇక్కడ తేలుతుంది. ఆంధ్రా, సీడెడ్ అనే రాయలసీమ, నైజాం అనే తెలంగాణ అని మూడు ముక్కలు చేసి అమ్మేవాళ్లు. ఆంధ్రా ముక్కకి బెజవాడే గుండెకాయ. అందులో మళ్లీ కృష్ణా, గుంటూరు, ఈస్టు, వెస్టు, నెల్లూరు అంటూ వాటాలు. శుక్రవారం బొమ్మ విడుదలంటే బుధ, గురువారాల్లో ఆ వీధుల్లో రిక్షాలకి తీరిక ఉండేది కాదు. అన్నిటి మీదా రేకు పెట్టెలే.

ఆ పెట్టె నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది. బూడిద రంగు రేకు, రెండు వైపులా ఇనప కమ్మీ పిడులు, మూతకి గొళ్లెం, చిన్న తాళం. పైన తెల్లరంగుతో బొమ్మ పేరు, ప్రింటు నంబరు. పాత బొమ్మ పేరు మీద సున్నం లాంటి రంగు పూసి కొత్త పేరు రాస్తే, కొంతకాలానికి ఆ పూత పెచ్చులూడి కింది పేరు బయటపడేది. మూత తీస్తే గుండ్రటి డబ్బాలు. ఒక్కో డబ్బాలో వెయ్యి అడుగుల రీలు, అంటే పదకొండు నిమిషాల బొమ్మ. పదహారు రీళ్లంటే మూడు గంటలకి దగ్గర. బరువు నలభై కిలోలకి తక్కువ ఉండేది కాదు. బస్సు టాపు మీదకి ఎక్కించేటప్పుడు మావయ్య కూలీవాడికి వదిలేసేవాడు కాదు, తనూ ఓ చెయ్యి వేసేవాడు. “కింద పడి డబ్బా సొట్టపోతే రీలు అంచు తింటుందిరా. అంచు తింటే మిషన్లో తెగుద్ది. తెగితే హాల్లో ఈలలు,” అనేవాడు. రాత్రి పొద్దుపోయి వచ్చినప్పుడు పెట్టెలు ఆఫీసులో అప్పజెప్పడానికి ఉండదు కదా, లాడ్జి గదిలో మంచం కిందకి తోసేవాడు. మేం ఆ మంచం మీద పడుకునేవాళ్లం. వెనిగరు వాసనలా ఉండే ఆ ఫిల్ము వాసన, కూజా నీళ్ల మట్టివాసన కలిసిపోయి ఉండేవి ఆ గదిలో.

రిప్రజెంటేటివ్ చేసే పనేమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాల్సి వస్తుంది. హాలువాడు బొమ్మని ఇంతకి అని గంపగుత్తగా అద్దెకి తీసుకుంటే మనిషి అక్కర్లేదు. వచ్చిన దాంట్లో వాటా అని మాట్లాడుకుంటేనే రిప్రజెంటేటివ్ వెళ్లాలి. ప్రతి ఆటకీ టికెట్ల పుస్తకాల్లో మొదటి నంబరు, చివరి నంబరు రాసుకోవాలి. నేల ఎన్ని, బెంచీ ఎన్ని, కుర్చీ ఎన్ని, బాల్కనీ ఎన్ని. మొత్తంలో వినోదపు పన్ను తీసెయ్యాలి. మిగిలింది ఒప్పందం ప్రకారం పంచాలి. అదంతా డీసీఆర్ అనే రోజువారీ వసూళ్ల కాగితం మీద రాసి, హాలు మేనేజరు చేతా సంతకం పెట్టించి, రోజూ ఆఫీసుకి పోస్టు చెయ్యాలి. గేటు దగ్గర నిలబడి చింపిన టికెట్లు చూసుకోవాలి. నంబర్లు కలవకపోతే ఊరుకాని ఊళ్లో, తెలిసినవాడు లేనిచోట, హాలు యజమానితో మాట్లాడి నిలబడాలి. దీనికి జీతం కొద్ది, బత్తా కొద్ది. మావయ్య బత్తాలో సగం మిగిల్చి మా అమ్మమ్మకి పంపేవాడు. అది మిగలాలంటే బెజవాడలో గది చవగ్గా ఉండాలి. ఆ గది ఆ లాడ్జి ఇచ్చింది.

వేసవి సెలవులకి నన్ను తనతో తీసుకొచ్చేవాడు. ఎనభైల మొదట్లో సంగతి. మే నెల బెజవాడ గురించి బెజవాడ వాళ్లకి చెప్పేదేముంది. పగలు గదిలో గోడ మీద చెయ్యి వేస్తే కాలేది. సాయంత్రం ఐదు దాటాక రూమ్ బాయ్‌లు డాబా మీద బిందెలకి బిందెలు నీళ్లు కుమ్మరించేవాళ్లు. ఆవిర్లు లేచి, చల్లారి, ఎనిమిదింటికి చాపలు పడేవి. గది ఉన్నవాడూ లేనివాడూ అందరూ అక్కడే. పొట్లాల్లో పునుగులు, అల్లం పచ్చడి. బ్యారేజీ వైపు నుంచి ఎప్పుడో ఒక గాలి తెర వచ్చేది. అది వచ్చినప్పుడు మాటలు ఆగిపోయేవి, అందరూ దాన్ని తగలనిచ్చుకునేవాళ్లు. అవతల స్టేషన్లో బళ్ల రాకపోకలు మైకులో వినపడుతూనే ఉండేవి.

ఆ డాబా మీద నేను విన్న మాటలు ఇంకెక్కడా వినలేదు. గుడివాడలో మూడోరోజుకే డల్లయిన బొమ్మ నూజివీడులో ఎందుకు లేచిందో, కోతలయ్యాక ఏ ఊళ్లో చేతిలో డబ్బాడుతుందో, పత్తి ధర పడిపోతే గుంటూరు జిల్లాలో రెండో ఆట ఎలా ఖాళీ అవుతుందో. రిప్రజెంటేటివ్‌లకి రైతుల సంగతి రెవెన్యూ వాళ్ల కంటే బాగా తెలుసు. ఒకాయన ఏ హాలుకెళ్లినా ముందు బయట సైకిల్ స్టాండు చూసేవాడట. సైకిళ్ల హ్యాండిళ్లకి ఎన్ని క్యారేజీలు వేలాడుతున్నాయో చూసి, కూలిజనం ఎంతమంది వచ్చారో, నేల టికెట్లు ఎన్ని తెగాయో చెప్పేసేవాడు. లోపల పుస్తకంలో అంతకంటే తక్కువ ఉంటే ఇక వదిలేవాడు కాదు. ఆయన చదివింది ఐదో తరగతి.

సినిమావాళ్లు ఒక సగమైతే నాటకాలవాళ్లు ఇంకో సగం. కాంట్రాక్టు నాటకాలని ఉండేవి. కాంట్రాక్టరు ఒక ఊరితో ఒప్పుకుని, కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు ఇంకో ఊరి నుంచి, హార్మోనిస్టు మరో చోటి నుంచి కూడేసి తీసుకెళ్లేవాడు. రిహార్సల్ అంటూ ఉండదు. అందరికీ పద్యాలన్నీ కంఠతా వచ్చు, స్టేజీ మీదే కలుసుకుంటారు. అలా కలుసుకునే ముందు దిగే చోటు ఈ లాడ్జి. తెల్లారుజామున డాబా మూల నుంచి రాగం అందుకుంటే పడుకున్నవాళ్లు లేచి కూర్చునేవాళ్లు తప్ప ఎవరూ విసుక్కోగా చూడలేదు. ఒకసారి నేను లేచేసరికి ఒక పెద్దాయన బనీను, అడ్డపంచెతో పిట్టగోడకి ఆనుకుని, నోట్లో వేపపుల్లతోనే సన్నగా ఆలాపన చేస్తున్నాడు. రంగు లేదు, కిరీటం లేదు. ఆ రాత్రి కంకిపాడు దగ్గర ఒక ఊళ్లో ఆయనే కృష్ణుడు. మావయ్య నన్ను తీసుకెళ్లాడు. జనం వన్స్ మోర్ అంటుంటే ఒకే పద్యం మూడుసార్లు పాడాడు. పాడిన ప్రతిసారీ చివరి రాగం వేరేగా తీశాడు. పొద్దున వేపపుల్లతో తీసింది మూడోసారి వచ్చింది.

ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకి గది ఇవ్వని లాడ్జిలు అప్పుడు చాలా ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి. నాటకాల్లో వేషాలు కట్టే ఆడవాళ్లంటే మరీ. రాత్రంతా ఆడి తెల్లారి నాలుగింటికి బస్సు దిగితే, పట్టెడు చోటు కోసం స్టేషన్ బెంచీలే గతి. మా లాడ్జిలో పై అంతస్తు చివరి రెండు గదులు వాళ్లకని విడిగా ఉంచేవారు. ఉంచింది మేనేజరు. అందరూ పంతులుగారూ అని పిలిచేవాళ్లు. సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కా, చెవిలో చిన్న పెన్సిలు. ఆ రెండు గదుల వైపు వరండాలో ఒక కుర్చీ వేయించి, రాత్రిపూట రూమ్ బాయ్‌ని అక్కడే కూర్చోబెట్టేవాడు. తాగివచ్చిన ఒక కాంట్రాక్టరు మెట్లెక్కబోతే పంతులుగారు మెట్ల మధ్యలో నిలబడి, “వాళ్లు పడుకున్నారయ్యా. పొద్దున్న ఎనిమిదింటికి రా, డబ్బుతో రా,” అనడం నేను కౌంటరు పక్కన నిలబడి విన్నాను. గొంతు పెంచలేదు. వాడు దిగి వెళ్లిపోయాడు.

ఆ గదుల్లో ఉండే ఒకావిడ మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని రవికెకి చెమ్కీలు కుట్టుకునేది. ఊడిపోయినవి ఒక్కటీ పారెయ్యకుండా అగ్గిపెట్టెలో దాచేది. సూదిలోకి దారం ఎక్కించే పని నాది. “నీ కళ్లు చల్లగుండ, ఎక్కించు నాయనా,” అనేది. మధ్యమధ్య పద్యం ఒక పాదం అందుకుని, నన్ను రెండో పాదం చెప్పమనేది. చెబితే పెప్పరమెంటు. తెలుగు ఛందస్సు అంటే ఏమిటో బళ్లో మాస్టారు చెప్పకముందే, ఎక్కడ ఆపాలో ఎక్కడ సాగదియ్యాలో నా చెవికి తెలియజెప్పింది ఆవిడే. తర్వాత నేను తెలుగు తీసుకుని చదవడానికి కారణం ఎవరని అడిగితే ఆవిడ పేరే చెబుతాను.

శివరాత్రి మొదలుకుని వేసవి దాకా నాటకాలకి గిరాకీ. వానలు పడితే నాటకాలకి రమ్మనే కబుర్లు ఆగిపోయేవి. అప్పుడు అద్దె కట్టలేని వాళ్లు ఉండేవాళ్లు. పంతులుగారి దగ్గర పొడుగాటి బాకీ పుస్తకం ఒకటి వేరే ఉండేది. అందులో రాసుకునేవాడు, కానీ అడిగేవాడు కాదు. పండగలొచ్చి నాటకాలు మొదలయ్యాక ఎవరికి వాళ్లే వచ్చి కట్టేవాళ్లు. కట్టకుండా పోయినవాళ్లూ ఉన్నారు. యజమాని ఏమనేవాడో నాకు తెలియదు కానీ, పంతులుగారి ఉద్యోగం ఆయన ఓపిక ఉన్నన్నాళ్లూ సాగింది. మావయ్య ఆఫీసు ఒక ఏడాది దెబ్బతిని మూడు నెలలు జీతాలివ్వలేదు. ఆ మూడు నెలలూ మావయ్య పేరు ఆ పుస్తకంలో ఉంది. ఆ ఏడే మా అక్క పెళ్లి. మావయ్య చేయాల్సిన లాంఛనాలన్నీ చేశాడు. ఎలా చేశాడో అమ్మకి చాలాకాలం తెలియలేదు.

1992 కృష్ణా పుష్కరాలకి మా ఇంటిల్లిపాదీ అక్కడే దిగాం. వరండాలన్నీ పరుపులు. మెట్ల మీద కూడా జనం కూర్చుని నిద్రపోయారు. పంతులుగారు అప్పటికి బాగా పెద్దవాడయ్యాడు, కొడుకు కౌంటర్లో కూర్చోవడం మొదలైంది. ఊరంతా గదుల రేట్లు రెట్టింపయినా తండ్రి బతికుండగా ఆ కొడుకు పెంచలేకపోయాడు. ఆ తర్వాత రోజుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. టీవీ వచ్చింది, నాటకాలు తగ్గాయి. బాగున్న లాడ్జిలు ఏసీలు పెట్టుకుని పేర్లు మార్చుకున్నాయి. ఇది పెట్టుకోలేదు. 2010 దాటాక హాళ్లన్నీ డిజిటల్‌కి మారేసరికి రీళ్ల పెట్టెతో పనే లేకుండా పోయింది. పెట్టెతోపాటు దాన్ని మోసే మనిషికీ పని లేకుండా పోయింది. గాంధీనగరంలో సినిమా ఆఫీసుల బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి.

నేను మాత్రం వెళుతూనే ఉన్నాను. జనవరి పుస్తకాల పండగకి వెళ్లినా, పెళ్లిళ్లకి వెళ్లినా అక్కడే దిగుతాను. మా ఆవిడకీ పిల్లలకీ ఇష్టం ఉండదు, వాళ్లని తప్పుపట్టను. బాత్‌రూమ్ తలుపు గొళ్లెం పడదు, వేడినీళ్లు కావాలంటే బకెట్టుకింత అని చెప్పి తెప్పించుకోవాలి. పరుపుల మధ్యలో గుంట. గోడలకి వేసిన ఆకుపచ్చ రంగు అడుగున పాత నీలం, దాని అడుగున సున్నం కనపడుతుంటాయి. అయినా దుప్పటి ఉతికి ఉంటుంది, కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి, అర్ధరాత్రి దిగినా లేదనకుండా తలుపు తీస్తారు. పొద్దున్నే నడిచి వెళ్లి బాబాయ్ హోటల్లో ఇడ్లీ తినొచ్చు. నాకింతకంటే అక్కర్లేదు.

ఇప్పుడు దిగేవాళ్లు వేరే రకం. అలంకార్ సెంటరు దగ్గర ధర్నా చౌక్ ఉంది కదా, జిల్లాల నుంచి ధర్నాకి వచ్చే అంగన్వాడీ టీచర్లు, కాంట్రాక్టు ఉద్యోగులు నలుగురేసి ఒక గది తీసుకుంటారు. పరీక్షలు రాయడానికి వచ్చే కుర్రాళ్లు, ఆసుపత్రుల్లో రోగుల్ని పెట్టి కింద పడుకోవడానికి చోటు దొరకని బంధువులు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నడుముల్లోతు నీళ్లు దాటుకుని వచ్చిన కుటుంబాలు కొన్ని ఈ లాడ్జికే చేరాయట. ఇప్పుడు కౌంటర్లో ఉన్నది పంతులుగారి మనవరాలు. ఆ వారం డబ్బు తీసుకోలేదని ఆ అమ్మాయి చెప్పలేదు, రూమ్ బాయ్ చెప్పాడు.

మొన్న వేసవిలో వెళ్లినప్పుడు ఆ అమ్మాయినే అడిగాను, “పాత రిజిస్టర్లు ఏమైనా ఉన్నాయా అమ్మా?” అని. మెట్ల కింద గది తాళం తీసి చూపించింది. నిలువెత్తున పేర్చి ఉన్నాయి, ఎర్ర గుడ్డ అట్టలవి. పేరు, ఊరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, వచ్చిన పని. ఆ ఆఖరి గడి చూస్తూ కూర్చుంటే భోజనం వేళ దాటిపోయింది. పిక్చరు పని. పిక్చరు పని. నాటకం. పిక్చరు పని. హార్మోనియం. కోర్టు. నాటకం. ఒకాయన ‘పద్యములు’ అని రాశాడు. చెమ్కీల ఆవిడ సంతకం దొరికింది, గుండ్రటి అక్షరాలు. మావయ్య సంతకమైతే పేజీకోటి.

మావయ్యకి ఎనభై దాటాయి, గుడివాడలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఫోన్ చేసి చెప్పాను.

“ఏ గదిలో దిగావురా?”

“రెండో అంతస్తులో, మెట్ల పక్కది మావయ్యా.”

“ఆ గదికి పడమటెండ. చెప్పకుండా తీసుకున్నావా? సర్లే. ఆ పుస్తకాలు ఎక్కడ పెట్టారన్నావు, మెట్ల కిందా? చెద పడతాయిరా అక్కడ. పంతులుగారు ఏటా ఎండలో వేయించేవాడు. ఆ పిల్లకి చెప్పు. ఎండబెట్టమను. నువ్వు ఊరికే కూర్చోక ఓ చెయ్యి వెయ్యి.”

మర్నాడు పొద్దున రూమ్ బాయ్, నేనూ కలిసి డాబా మీదకి మోశాం. అన్నీ ఒక్కరోజులో అవలేదు. అడుగు వరస పుస్తకాలకి చెద పట్టనే పట్టింది. వాటిని విడిగా పెట్టాం. ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఆ అమ్మాయి వేపాకు తెప్పించి పేజీల మధ్య పెట్టించింది, బీరువా ఒకటి కొంటానంది. సగం డబ్బు నేను ఇస్తానంటే ఒప్పుకుంది. నేను మళ్లీ దసరాలకి వెళ్తున్నాను, మిగిలిన వరసలు తియ్యాలి. ఈసారి మావయ్యని కూడా తీసుకెళ్తున్నాను. మెట్లెక్కలేడు కాబట్టి కింద అంతస్తులో గది చెప్పిపెట్టాను, పడమటెండ తగలనిది.